సుగుణ మనసుకు పదికి మూడు

ముందే చెబుతున్నాను, ఇది ఒక పెద్దమనిషి స్కేలుతో గీతలు గీసి మరీ కొనితెచ్చుకున్న ఘోరం. బడికి పోయే రోజుల నుంచీ డైరీ రాస్తున్నవాణ్ణి. వాన పడ్డ గంటా, పాలు విరిగిన రోజూ నా దగ్గర దొరుకుతాయి. అలాంటివాడు రిటైరైన కొత్తలో ఖాళీగా కూర్చుంటే ఏం చేస్తాడు? ఇంట్లో మనిషి మనసుకు రిజిస్టరు తెరుస్తాడు.

హసన్‌పర్తిలో పెద్దవాళ్ల కోసం పెట్టిన క్యాంపులో ఒక కుర్ర డాక్టరు నుదుటి మీద వేలు పెట్టుకుని, మనసంటే ఇదే సార్, రోజూ రెండుసార్లు దానికి పదికి ఎన్ని మార్కులో రాసుకోండి అన్నాడు. ఆయన చెప్పింది నా మనసు గురించి. నాకు అందులో చూడదగ్గదేమీ కనిపించలేదు. అందుకని నా భార్య సుగుణతో మొదలుపెట్టాను.

మొదటి పేజీలో మనిషి బొమ్మ గీసి, మనసు ఉండే చోటు నిర్ధారించడానికి హన్మకొండలో మా వాడకట్టంతా తిరిగాను. ఖాజా భాయ్ ఛాతీ మీద అరచెయ్యి వేసి, దిల్ ఇక్కడే అన్నాడు. మరియమ్మ టీచర్ ఆకాశం చూపించింది. పొద్దున ప్రార్థనలోనే ప్రభువుకు అప్పజెప్తుందట, ఆ తర్వాత దాని ఫికర్ ఆమెది కాదట. సుగుణ మాత్రం బెండకాయలు తరుగుతూ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈడ. మా అక్క యాదికొస్తే ఈడనే తిప్పుతది. జర పాలకుర్తికి పోయొద్దామా?"

నేనేమన్నానో డైరీలో ఉంది కాబట్టి తప్పించుకోలేను. "నలభై రోజులు ఆగు. మధ్యల ఊరు మారితే లెక్క చెడిపోతది" అన్నాను. బొమ్మకు కడుపు దగ్గర చుక్క మాత్రం శ్రద్ధగా పెట్టాను.

ఇక పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఆరింటికీ కరెంటు మీటరు చూసేవాడిలా ఆమె ముందు నిలబడేవాణ్ణి. ఎంత? మూడు. మజ్జిగ కలిపి ఇచ్చాను, మూడు. చెరువు గట్టు మీద నడిపించాను, మూడు. పాత పాటలు పెట్టాను, రెండున్నరకు దిగింది. మందేందో ఆమె మొదటి రోజే చెప్పింది కదా అని ఖాజా భాయ్ గుర్తుచేశాడు. రిజిస్టరు పూర్తి కానీయమన్నాను.

పదమూడో రోజు పొద్దున వంటింట్లోకి వెళ్తే మీటరు లేదు. చక్కెర డబ్బా కింద రిజిస్టరు ఉంది. ఆ రోజు నుంచి నలభయ్యో రోజు దాకా ప్రతి గడిలోనూ మూడు వేసి ఉంది, నా లెక్క చెడిపోకుండా. కింద ఒక ముక్క: "అక్క దగ్గరికి పోతున్న. పప్పు కుక్కర్ల ఉన్నది."

నాకు కోపం రాలేదు. ఆమె వెళ్లిన రెండో రోజుకు పప్పు అయిపోయింది. మూడో రోజు సరిగ్గా ఎనిమిదింటికి వంటింటి గడప దగ్గర నిలబడ్డాను, అడగడానికి ఎవరూ లేరు. కడుపులో ఏదో తిప్పింది. పప్పు పాడై ఉంటుందనుకున్నాను.

రిజిస్టరు చంకన పెట్టుకుని పాలకుర్తి బస్సెక్కాను. అక్కాచెల్లెళ్లిద్దరూ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు, మాటా పలుకూ లేకుండా. అంత నిండైన మౌనం నేనెక్కడా చూడలేదు.

"ఏం మరిదీ, జనాభా లెక్కలకొచ్చినవా?" అంది మా వదిన.

సుగుణ నా మొహమే చూసింది. "తిన్నవా?"

"ఏడ తిన్న? నీ పప్పు పడలేదు. కడుపుల తిప్పుతాంది."

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "అది పప్పు కాదయ్యా," అంది సుగుణ. "రాస్కో. మూడు."

సుగుణ చనిపోయి రెండేళ్లయింది. ఇకమీదట ఏ మనిషి మనసుకూ గడులు గీయనని, మార్కులు వేయనని, ఊరికి పోదామన్నవాళ్లను నలభై రోజులు ఆగమననని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సాక్షిగా ఖాజా భాయ్ సంతకం పెట్టాడు.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి మళ్లీ కడుపులో తిప్పింది. నిన్న పప్పు వండలేదు.