ఏటి అంటే ఎయిటీ కాదు

మొన్న గరివిడిలో అక్కావాళ్ళింటికి వెళితే, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఉన్న మేనల్లుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఇప్పుడు నేల మీది జవానూ, విమానమూ, ఆ పైన తిరిగే ఉపగ్రహమూ ఒకే బొమ్మ చూస్తాయట. మనవాళ్ళు తెర మీద చుక్కలై కనిపిస్తారు గనక నోటితో చెప్పుకునే పని చాలావరకు తగ్గిపోయిందట. అంత ఎత్తు నుంచి మనవాడెవడో పరాయివాడెవడో ఎలా తెలుస్తుందని, చుక్క తప్పితే ఎవరు అడుగుతారని నేను ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే వాడు ఓపిగ్గానే చెప్పాడు గానీ, నా మనసు ఎప్పుడో ఎడారి ఇసుకలోకి జారిపోయింది.

నేనూ సైన్యంలో ఉన్న ఆ రోజుల్లో నేలవాళ్ళకీ గాలివాళ్ళకీ చుట్టరికం అంతంతమాత్రమే. అందుకే విన్యాసాలప్పుడు ఒక వైమానిక అధికారిని మా గుట్ట మీద కూర్చోబెట్టేవారు. మేము చెప్పింది ఆయన వినేవాడు, ఆయన చెప్పింది విమానం వినేది. ఆయన పక్కన వైర్‌లెస్ పట్టుకుని నేను, ముందున్న ఇసుకదిబ్బల్లో ఎక్కడో తన జట్టుతో బావ. నన్ను మిలట్రీలోకి లాక్కొచ్చింది బావే. ఇంటి దగ్గర అక్కకి నెలలు నిండుతున్నాయి.

ఆవేళ ఇసుకగాలి రేగి ఏమీ కనిపించలేదు. బాంబు వేయడానికి విమానం వచ్చేస్తోంది. మీరు గుట్టకి ఎన్ని డిగ్రీల దిక్కున ఉన్నారని అధికారి బావని అడిగాడు, ఆ దిక్కు వదిలేయమని విమానానికి చెప్పాలి గనక. గరగరల మధ్య బావ గొంతు రెండుసార్లు పలికింది: "ఏటి? ఏటి?"

అంకెలు విడివిడిగా పలకాలనీ, రెండుసార్లు చెప్పాలనీ నియమం. తొందరలో మొదటిది ఎవరూ పాటించేవారు కాదు, రెండోది మాత్రం అందరికీ అలవాటే. అధికారి తృప్తిగా తలూపి, మావాళ్ళు ఎయిటీ వైపున ఉన్నారని, మిగతా దిక్కుల్లో అడ్డు లేదని విమానానికి చెప్పేశాడు. మా వైపు ఏటి అంటే ఏమిటి అని. సెట్‌లో సొంత భాష మాట్లాడకూడదన్న సంగతి కూడా మరిచిపోయాను.

"బావా, నువ్వు లెక్క సెప్పినావేటి, ఏటని అడిగినావేటి?"

"ఇనపడ్నేదురా, ఏటని అడిగినాను."

నా ముఖం చూసి అధికారికి సగం అర్థమైంది, నేను చెబితే మిగతా సగం. ఆగమని ఆయన అరిచిన అరుపుకి విమానం బాంబు వేయకుండా మా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, అది గురిపెట్టిన దిక్కునే బావ జట్టు ఉంది. తెలుగులో మాట్లాడినందుకు ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. ఆనక అదే అధికారి మమ్మల్ని పిలిచి, ఏటి అనే మాట మళ్ళీ మళ్ళీ పలికించుకుని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, గుడారంలోకి వెళ్ళాక బావ చేయి పట్టుకుని ఏడ్చేశాను.

ఆనాడు అక్క కడుపులో ఉన్నవాడే ఈ మేనల్లుడు. వాడి చుక్కలు మంచివే, నాకు వాటి మీద కోపం లేదు, అవి అప్పుడుంటే ఆ భయమే ఉండేది కాదు. కాని చుక్కకి ఊరు లేదు, యాస లేదు. ఇసుకగాలిలో రెండు ముక్కలు వినగానే ఇది మా బావేనని పోల్చుకునే వీలు దానితో లేదు.

బావకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. మేమింతసేపు మాట్లాడుకున్నదంతా చూసి, పడక్కుర్చీలోంచి ముందుకు వంగి, ఏటి, ఏటి అని రెండుసార్లు అడిగాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన చెవిలో మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను.