డాలరమ్మ ఆదివారాలు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ డాలరమ్మ అనేవారు. సంపన్నురాలని కాదు పాపం. ఓ పెద్ద గ్రంథాలయం వెబ్‌సైటుకి రంగులూ, అక్షరాల సైజులూ చూసుకునే పని ఆవిడది. పేజీ రూపురేఖలు రాసుకునే స్టైల్‌షీట్ అనే ఫైల్లో ఒక్కో రంగుకీ ఓ పేరు పెట్టి, ఆ పేరు ముందు డాలరు గుర్తు తగిలించేది. రాసినదాన్ని బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టే ప్రీప్రాసెసర్ అనే ప్రోగ్రాము పద్ధతి అది. అలా మార్చడాన్నే కంపైల్ చెయ్యడమంటారు. అది అయ్యాక పేర్లన్నీ మాయమై, ఉత్త రంగులే చదివేవాళ్ల బ్రౌజర్‌కి చేరేవి. అక్కడ వాటిని ఎవరూ కదిలించలేరు. ఏది మార్చాలన్నా ఈవిడే మార్చాలి, మళ్లీ కంపైల్ చెయ్యాలి.

ఆ తిప్పలు తలుచుకుని ఈ రోజుకీ ఆవిడ మురిసిపోతుందంటే మీరు నమ్మరు.

ఆవిణ్ణి పెంచిన మేనమామ దుకాణాలకి బోర్డులు రాసేవాడు. చూపు మందగించి కుంచె పక్కన పెట్టాక, ఆ గ్రంథాలయం సైటులో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోవడమొక్కటే ఆయనకి కాలక్షేపం. తెల్లటి తెర కళ్లలో గుచ్చుకుంటోందంటే, ఆయన కోసం సైటుకి వేరే కాపీ తయారుచేసింది. ప్రతి ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆయన గదికి వెళ్లేది. అటక మీద పాత రంగు డబ్బాలు, గదంతా టర్పెంటైన్ వాసన.

"వెనక రంగు ఇంకొంచెం ముదురు చెయ్యవే," అనేవాడు మావయ్య.

ఆవిడ మార్చేది. ముసలి ల్యాప్‌టాప్ మూలుగుతూ కంపైల్ చేసేది. అది తెమిలేలోపు ఆయన మంగలి షాపు బోర్డుని తలకిందులుగా బిగించిన కథ ఎత్తుకునేవాడు. ఎన్నిసార్లు విన్నా ఆవిడకి నవ్వాగేది కాదు. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు.

ఇంతలో ఆఫీసుకి కొత్త మేనేజరు వచ్చింది. "డాలర్లన్నీ తీసేద్దాం మేడమ్. ఇప్పుడు బ్రౌజర్ చదివే సీఎస్ఎస్‌లోనే ఇలా పేర్లు పెట్టుకునే వేరియబుల్స్ ఉన్నాయిగా. పేరు పేరుగానే బ్రౌజర్ దాకా వెళ్తుంది. చదివేవాళ్లకి కావాల్సిన రంగు వాళ్లే మార్చుకునేలా చెయ్యొచ్చు," అంది.

డాలరమ్మ ఒప్పుకోలేదు. పాత బ్రౌజర్లలో పనిచెయ్యదంది, టైము లేదంది, నోటికొచ్చిన వంకలన్నీ చెప్పింది. అసలు బాధ ఆదివారాలు పోతాయని. అది మీటింగులో చెప్పుకునే మాటా? చివరికి తన చేత్తోనే డాలర్లన్నీ పీకేసి, పేజీ అడుగున రంగు మార్చుకునే మీట పెట్టింది.

ఆ ఆదివారం మావయ్య మీట జరిపాడు. వేలు కదిలినకొద్దీ పేజీ రంగు మారింది. కంపైల్ లేదు, కాచుకోవడం లేదు, కథా లేదు. ఆయన హాయిగా చదువుకుంటూ ఉంటే ఆవిడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

"ఇంక నాతో పనేముందిలే మావయ్యా," అంది నవ్వు తెచ్చిపెట్టుకుని.

ఆయన కళ్లద్దాలు తీశాడు. "నాకు రెండో వారానికే రంగు కుదిరిందే పిచ్చిదానా. ఇంకొంచెం, ఇంకొంచెం అంటే నువ్వొస్తావని అంటూ వచ్చాను. ఆ తర్వాత నువ్వు చేసిన ముదురుకి తలనొప్పి కూడా వచ్చేది. ఇప్పుడు ఏ వంక పెట్టి పిలవాలో నువ్వే చెప్పు."

ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

"ఆ మంగలి షాపు బోర్డు కథ చెప్పు మావయ్యా," అంది.