ఇంద్రేశం ప్రేమవిందులో కొరింథును వెతుకుతూ

కొరింథు చూడాలంటే గ్రీసు దాకా పోనక్కర్లేదు, పటాన్‌చెరులో షేర్ ఆటో ఎక్కితే చాలు. ఈ మాట నేను నా పరిశోధన గైడుగారితో గొప్పగా అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "అయితే వెళ్లి ఒక్క బంతి భోజనం చూసి రా. అది చూడకుండా ఈ అధ్యాయం నాకు ఇవ్వకు" అన్నారు. నా నోటి దురుసుకు ఇలా ప్రయాణం పడింది.

నా పేరు శ్యామల. సమాజశాస్త్రం చెబుతాను. మా నాన్న తెనాలి నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి హైదరాబాదు శివార్లలోని రామచంద్రాపురం వచ్చి స్థిరపడ్డాడు. వేంకటేశ్వరస్వామి పటాల మధ్య పెరిగిన నేను తొలి క్రైస్తవ సంఘాల మీద పరిశోధన చేస్తున్నానంటే మా అమ్మకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఆ మజా అలాంటిది మరి! కొరింథులో విశ్వాసులు కలిసి భోంచేసేవారు. కొందరు కడుపునిండా తినేవారు, కొందరు పస్తుండేవారు. ఒకరికోసం ఒకరు ఆగండని అపొస్తలుడు పౌలు ఉత్తరం రాసి వాళ్లను కోప్పడ్డాడు. దాన్ని అందరూ మంచి మర్యాద పాఠంగా చదివారు. సమాజశాస్త్రం వేరే ప్రశ్న అడుగుతుంది. ఆ ఊళ్లో ఎవరికి పని ఎప్పుడు ముగిసేది? ఎవరింట్లో విందు? తీరిక ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేస్తే, కూలీలు, బానిసలు పని దిగి వచ్చేసరికి గిన్నెలో ఏం మిగిలేది? ఇలా అడిగేసరికి రెండు వేల ఏళ్ల నాటి ఉత్తరంలోంచి కూర వాసన రావడం మొదలవుతుంది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి సికింద్రాబాదులో లోకల్ రైలు ఎక్కాను. ఆదివారం రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే స్టేషన్‌లో కూర్చోవాల్సిందే. లింగంపల్లిలో దిగి, రెండిడ్లీలు తిని, సంగారెడ్డి బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కదా, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇచ్చారు. పక్కన సంగారెడ్డి అవతలి కొండాపూర్ వెళ్లే ఒక పెద్దమ్మ కూర్చుంది. నా ఒళ్లో రంగు కాగితాలు అతికించిన బైబిలు చూసి పాస్టరమ్మవా అని అడిగింది. కాదు, ఆ కాలంలో ఎవరు ముందు తిన్నారో, ఎవరు వెనక తిన్నారో తెలుసుకుంటున్నానని చెప్పాను.

"గది తెల్వనీకె గింత సదువు సదువాల్నా బిడ్డా? ఏదన్న పెండ్లికి పోయి సూడు" అంది.

నేను కట్టిన ఇన్నేళ్ల ఫీజులన్నీ ఆ ఒక్క మాటతో దండగైపోయాయి. నవ్వుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పటాన్‌చెరులో దిగేసరికి పది కావస్తోంది. అక్కడి నుంచి ఇంద్రేశానికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఇటు వచ్చేవాళ్లు మంచినీళ్లు వెంట తెచ్చుకోండి, గొంతులో దుమ్ము తప్పదు. కొత్త లేఅవుట్ల రాళ్లు, సగం కట్టిన ఇళ్ల మధ్య రేకుల కప్పుతో ప్రార్థన మందిరం కనిపించింది. పాస్టర్ దానియేలు గారు ఎదురొచ్చి కుర్చీ వేశారు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందు పెడుతున్నది నర్సమ్మ అనే ఆమె. అదే ఊళ్లో తరతరాలుగా పొలం పనులు చేసుకున్న కుటుంబం. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. పెద్ద ఆపరేషన్ అయి, కోలుకుని మళ్లీ డ్యూటీలో చేరినందుకు ఈ కృతజ్ఞత కూడిక. నాలుగేళ్లుగా మందిరానికి వస్తోందట. ఎప్పుడూ డ్యూటీ దిగి వచ్చి చివరి బంతిలో తినిపోవడమే గాని, తాను పదిమందికి పెట్టడం ఇదే మొదటిసారి. తెల్లవారకముందే మటన్, బగారన్నం తన చేత్తో వండి, మందిరానికి పంపి, ఆరింటికి షిఫ్టుకు వెళ్లిపోయింది. సెలవు దొరకలేదు. రెండింటికి షిఫ్టు దిగి, ప్యాకింగ్‌లో తనతో పనిచేసే ఇద్దరిని తొలిసారి వెంటబెట్టుకొస్తుందట. ఇదంతా పాస్టర్ గారు చెబుతుంటే నాకు కాలు నిలవలేదు. షిఫ్టు, విందు, ఆలస్యంగా వచ్చే కూలీలు! ఇంతకంటే అచ్చమైన కొరింథు నాకు ఎక్కడ దొరుకుతుంది?

ప్రార్థన ఒంటిగంటకు ముగిసింది. తెల్లాపూర్ నుంచి కార్లలో వచ్చిన రెండు కుటుంబాలు, ఊరివాళ్లు, అందరూ కలిసి ఓ నలభై మంది. రెండున్నర అయింది. నర్సమ్మ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, లోపల ఫోన్లు లాకర్లో పెట్టాలి కదా. ఆమె భర్త మల్లేశం బండి మీద కంపెనీ గేటుదాకా వెళ్లొచ్చాడు. రిలీవర్ రాలేదట. మన స్థానంలోకి మనిషి వచ్చేదాకా మిషన్ వదలడానికి వీల్లేదు.

"ఎప్పుడొస్తదో తెల్వది. మీరు తినుండ్రి" అన్నాడు మల్లేశం.

ఇక్కడ నా బుద్ధి ఉన్నదున్నట్టు చెప్పాలి. వాళ్లు తినడం మొదలుపెట్టాలని నేను లోలోపల గట్టిగా కోరుకున్నాను. మొదలుపెడితే నా అధ్యాయం నిలబడినట్టే. నోట్‌బుక్ తెరిచి, టైం రాసి, పెన్ను పట్టుకుని గోడవారన నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు పాస్టర్ గారు విస్తరాకు తెచ్చి నా ముందు పరిచారు.

"చుట్టం కూసుంటేనే బంతి షురువైతది మేడమ్. మీరు కూసోండి, అందరు కూసుంటరు."

చూడటానికి వచ్చిన నేనే అందరికంటే ముందు తినాలట! కొరింథులో ముందే వచ్చి తిన్నవాళ్ల మీద ఇరవై పేజీలు దులిపేసిన నేను! కడుపులో పేగులు అరుస్తున్నాయి, మటన్ వాసన ప్రాణం తీస్తోంది. అయినా ఆకు పక్కకు జరిపి, నాకు ఆకలిగా లేదు, నర్సమ్మగారు వచ్చాకే తింటానని చెప్పేశాను. పరిశీలకురాలు జోక్యం చేసుకోకూడదని పిల్లలకు నేనే పాఠం చెబుతాను. ఆ పాఠం అక్కడే గంగలో కలిసింది.

చుట్టమే తిననంటే ఇంకెవరు కూర్చుంటారు? చిన్నపిల్లలకు మాత్రం పాస్టర్ గారి భార్య తన ఇంట్లోంచి పప్పన్నం తెచ్చి పెట్టింది. తెల్లాపూర్ నుంచి వచ్చిన ఒకాయన రెండుసార్లు వాచీ చూసుకుని, చివరికి కార్లోంచి అరటిపళ్లు తెచ్చి పంచాడు. నాకు మహా గర్వంగా ఉంది. పౌలు చెప్పిన పని పటాన్‌చెరులో నేను చేయించాను కదా అని పొంగిపోతున్నాను.

మూడూ ఇరవైకి ఆటో ఆగింది. కంపెనీ నీలం కోటు ఇంకా విప్పని ఒకావిడ, వెనక ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఆమె నవ్వుతూ గేటుదాకా వచ్చి ఆగిపోయింది. మూతలు తీయని గిన్నెలు చూసింది, అలాగే ఉన్న విస్తళ్ల కట్ట చూసింది. మల్లేశం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఎవ్వలు ముట్టలేదా? నా చేతిదని తినలేదా?"

మల్లేశం పాస్టర్ గారి వైపు చూశాడు. నాకైతే భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. ఇన్ని పుస్తకాలు తిరగేశాను. ఆలస్యంగా వచ్చిన మనిషికి ఖాళీ గిన్నె అవమానమని రాశాను. ఆ ఊళ్లో తన చేతి అన్నం ఎవరు తిన్నారో, ఎవరు కులం చూసి వద్దన్నారో చిన్నప్పటి నుంచి చూస్తూ వచ్చిన మనిషికి నిండు గిన్నె ఎలా కనబడుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. పైగా ఆమె వెంట ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు.

పాస్టర్ గారు నీ కోసమే ఆగామన్నారు. ఆమె నమ్మలేదు. అప్పుడు నేను ముందుకు వెళ్లి, ఆపింది నేనే, తప్పు నాది అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"ఆగేటట్టయితే జెర గేటు కాడికి మనిషితోని చెప్పి పంపాలె గద మేడమ్. పానం పోయినట్టయింది నాకు" అంది. కళ్లు తుడుచుకుని, వెంటనే, "ఇగ కూసోండి, జల్దీ" అని గరిటె అందుకుంది.

పాస్టరమ్మ ఆ గరిటె లాక్కుని ఆమెను నా పక్కనే కూర్చోబెట్టింది. ఆమె తనతో వచ్చిన ఒడిశా అమ్మాయిని అటు పక్కన కూర్చోబెట్టుకుంది. అందరం ఒకే బంతి. నేను రెండుసార్లు మటన్ అడిగి వేయించుకున్నాను. అడిగిన ప్రతిసారీ నర్సమ్మ నా ఆకులోకి చూసింది గాని తన ఆకులోది పెద్దగా తినలేదు. చుట్టూ చేతులు ఎలా కదులుతున్నాయో చూస్తూ కూర్చుంది.

ఐదింటికి ఆటో ఎక్కాను. లింగంపల్లిలో ఆరున్నర రైలు దొరికింది. కూర్చోగానే గైడుగారి ఫోన్. ఏమైంది, ఉన్నవాళ్లు ముందు తిన్నారా అని ఆత్రంగా అడిగారు. లేదు సార్, అధ్యాయం మొత్తం మళ్లీ రాయాలి అన్నాను. నా గొంతులో సంతోషం విని ఆయన కంగారుపడ్డారు. అప్పుడు ఆయనకు నర్సమ్మ మాట చెప్పాను. ఆటో కదిలేముందు, వచ్చే నెల మళ్లీ వస్తాను, ఈసారి మీకు ముందే కబురు పెట్టి ఎంతసేపైనా ఆగుతామని నేనంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని అన్నది ఇదీ:

"నా కోసం ఆగకుండ్రి మేడమ్. మీరంత కడుపునిండ తినుండ్రి. తిన్నమని గేటు కాడ చెప్పి పంపుండ్రి. రిలీవర్ రాకున్నా నిమ్మలంగ డ్యూటీ చేస్కుంట."