చుక్కాని పట్టినవాడికి చేరని ఉత్తరం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు నా మొహం చూడలేరు గనక. అదీ నా ధైర్యం, ఛీ.

2009లో అట్లాంటాలో మాస్టర్స్ చేస్తూ అల్ఫారెట్టాలో ఉండేదాన్ని. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద బయట పని చేయకూడదు. అయినా ఒక ముసలాయన ఇంటికి టైపింగ్‌కి వెళ్లేదాన్ని. ఆయన బ్రిటిష్ నేవీలో కెప్టెన్‌గా రిటైరై కూతురి దగ్గర ఉండేవారు. కాన్సర్. మంచం మీద పడుకుని తన సర్వీసంతా మొదట్నుంచీ చెబుతుంటే ల్యాప్‌టాప్‌లో కొట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం వేరే కాగితం టైప్ చేయమన్నారు. ఓడలో ఆఫీసర్ ఆర్డరిస్తే, చుక్కాని పట్టినవాడు దాన్ని పైకి తిరిగి చెప్పి మరీ తిప్పాలట. కుర్ర ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఈయన కంగారులో కుడికి బదులు ఎడమకి అన్నారు. అతను "ఎడమకి" అని తిరిగి చెప్పాడు, తిప్పాడు. ఓడ రాళ్లమీదికెక్కింది. ఎంక్వైరీలో ఈయన, నేను కుడికే అన్నానన్నారు. అతని ఉద్యోగం పోయింది. ఈయన కెప్టెనయ్యారు.

ఆ నిజమంతా అతనికి రాసి సంతకం పెట్టారు.

"సాక్షిగా నువ్వూ పెట్టు. కింద నీ అడ్రస్ రాయి, జవాబు నీకే వస్తుంది. మా అమ్మాయికి తెలియనివ్వకు."

నా పేరు, నా అడ్రస్! ఆ కాగితం ఏ ఆఫీసుకో చేరితే, ఈ అమ్మాయెవరు, ఆ ఇంట్లో ఏం పని అని అడగరూ? ఇంటికెళ్లి సంతకం పెట్టి పోస్ట్ చేస్తానని బ్యాగ్‌లో వేసుకున్నాను. పెట్టలేదు. పంపలేదు. నా సంతకం లేకుండానైనా పంపొచ్చుగా? ఏవేవో కారణాలు చెప్పుకుంటాను గానీ, నిజం చెప్పొద్దూ, ముక్కూమొహం తెలియని మనిషి పరువు కన్నా నా వీసా నాకు ముఖ్యమైపోయింది.

"పోస్ట్ చేశావా?"

"చేశాను సర్."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా, తలుపు చప్పుడుకే కళ్లు తెరిచేవారు. ఏదైనా వచ్చిందా అని. ఇంకా లేదు సర్, అనేదాన్ని. నెల తిరిగేసరికి అడగడం మానేశారు. చివరిసారి మాత్రం, "చదివి చింపేసుంటాడు. నేనైనా అంతే చేస్తాను" అని గోడవైపు తిరిగిపోయారు. అప్పుడైనా నోరు విప్పానా? ల్యాప్‌టాప్ తెరిచి, "ఎక్కడ ఆపాం సర్?" అన్నాను. మూడో రోజు పోయారు.

పెళ్లయి గ్రీన్ కార్డ్ వచ్చాక, ఇంక భయమేముందని ఆ నావికుడి కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. పోయి ఏడాదైందట. అంటే ఇన్నేళ్లూ బతికే ఉన్నాడు! నేను ఏ రోజు పోస్ట్‌లో పడేసినా చదువుకునేవాడు.

ఇప్పటికీ మెయిల్‌బాక్స్ తీయను. మా ఆయన్నే తీయమంటాను. ఉత్తరాలు పట్టుకుని లోపలికొస్తుంటే, ఏదైనా వచ్చిందా అని వెనక నుంచి ఎవరో అడిగినట్టే ఉంటుంది.

ఇదిగో, రాసేశాను. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. ఆ నావికుడు తనని క్షమించలేదనుకునే పోయారు ఆయన. అతనికసలు ఆ ఉత్తరం సంగతే తెలియదు. నేను పంపలేదు.