మంజులను ఓదార్చిన వారం

ఒక పిల్లను ఓదార్చబోయి తరగతిలో సగం మందిని దవాఖానకు పంపిన ఘనత గద్వాలలో నాకు తప్ప ఇంకెవరికీ ఉండదు. అదెలా సాధించానో చెబుతాను. నవ్వినా నేనేమీ అనుకోను. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పిల్లలకు పిల్లలే అండగా ఉండాలని మా లెక్కల మేడం ‘తోడు’ అనే జట్టు పెట్టించారు. దిగులుగా ఉన్నవాళ్లతో మాట్లాడటం, కొత్తవాళ్లను కలుపుకోవడం మా పని. నాయకురాలిని నేనే. బాధలో ఉన్నవాళ్లు దూరం పొమ్మంటారని, అంతమాత్రాన వదిలేయకూడదని మేడం చెప్పారు. ఆ తర్వాత ఇంకేం చెప్పారో నాకు తెలియదు. నాయకురాలి బ్యాడ్జీ ఎక్కడ పెట్టుకుంటే బాగా కనిపిస్తుందా అని చూసుకుంటున్నాను.

జట్టు పెట్టి నెలైనా దిగులుగా ఉన్నవాళ్లు ఒక్కరూ దొరకలేదు. పెళ్లిళ్లు లేని నెలలో బ్యాండువాళ్లలా ఖాళీగా తిరుగుతున్నాం. అలాంటప్పుడు బల్మూరు నుంచి మంజుల వచ్చి మా తరగతిలో చేరింది. నాలుగో రోజు మధ్యాహ్న భోజనం వేళ వరండా చివర ఒంటరిగా కూర్చుని చున్నీతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ కళ్లు పండు మిరపకాయల్లా ఉన్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు పండుగలా అనిపించింది.

నేనూ నా స్నేహితురాలు అఫ్రీనూ పళ్లేలు పట్టుకుని వెళ్లి ఆమెకు చెరో పక్క కూర్చున్నాం.

"జర దూరం కూసోండ్రి," అంది మంజుల.

నేను అఫ్రీన్ వైపు గర్వంగా చూశాను. అచ్చం మేడం చెప్పినట్టే జరుగుతోంది. ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"నాకు బాగలేదు. నా దగ్గరికి రాకుండ్రి."

"మాకు తెల్సు," అన్నాను, గొంతు మెత్తగా చేసుకుని. "మనసు బాగలేకుంటె గట్లనే అనిపిస్తది."

"మనసు కాదు..." అని ఆమె ఏదో చెప్పబోయింది. నేను చెప్పనిస్తే కదా. నా రుమాలుతో ఆమె కళ్లు తుడిచాను. అది చూసి నాకే ఏడుపొచ్చింది. అదే రుమాలుతో నా కళ్లూ తుడుచుకున్నాను. అఫ్రీన్‌కూ ఏడుపొచ్చింది. రుమాలు ఆమెకిచ్చాను.

మీకు ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది. నాకు మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ జట్టు మొత్తానికి వంతులు వేశాను. కుళాయి దగ్గరికి ఒకరు, బెంచీలో ఇద్దరు, ఎప్పుడూ ఎవరో ఒకరు మంజుల చెయ్యి పట్టుకునే ఉండాలి. ఆమె బెంచీ మారితే మేమూ మారాం. మూడో రోజు తెల్లారి లేస్తే నా రెప్పలు తెరుచుకోలేదు. కండ్ల కలక. అఫ్రీన్‌కు, జట్టుకు, జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు, చివరికి మా అమ్మకు కూడా. జరీ పోగు కనబడక, అమ్మ చీరలు నేసే మా మగ్గం నాలుగు రోజులు ఆగింది.

వారం తర్వాత బడికి వెళ్తే, హెడ్మాస్టరు గారు నల్లద్దాలు పెట్టుకుని ప్రార్థనకు వచ్చారు. ఇది ఎవరితో మొదలైందని అడిగారు. తలలన్నీ మంజుల వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. నేనూ లేచాను.

"ఆమె దూరం పొమ్మనే అన్నది సార్. నేనే ఇనలే. అందరికి అంటిచ్చింది నేనే."

నల్లద్దాల వెనక ఆయన కోపంగా ఉన్నారో నవ్వుతున్నారో తెలియలేదు. ఇద్దరినీ కూర్చోమన్నారు.

ఆ మధ్యాహ్నం, కళ్లు బాగలేనప్పుడు ఇంట్లో ఉండకుండా బడికెందుకు వచ్చావని మంజులను అడిగాను. చేరిన వారంలోనే రాకపోతే పేరు కొట్టేస్తారని భయపడిందట. ఎవరికీ అంటకూడదనే పాపం వరండా చివర కూర్చుంది.

"మరి గట్టిగ చెప్పొద్దా?"

"నువ్వు చెప్పనిస్తివా?" అంది. మళ్లీ తనే, "అయినా ఆ రెండు రోజులు నాకు మస్తు మంచిగనిపిచ్చింది. అప్పటిదాంక ఈ బడిల నాతోని ఎవ్వరు మాట్లాడలే," అంది.

తర్వాతి నెల జట్టుకు మంజులను నాయకురాలిగా ఎన్నుకున్నాం. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

ఇక ఆ రోజు చెయ్యెత్తుతూ మనసులో చేసుకున్న ప్రమాణం మీ ముందు మళ్లీ చేస్తున్నాను. ఎవరినైనా ఓదార్చే ముందు ఏమైందని అడుగుతాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుంటాను. అడగడం బాగానే అలవాటైంది. నోరు మూసుకోవడమే ఇంకా సాధన చేస్తున్నాను.