చేట చప్పుడు ఆగేదాకా

మా టీచరమ్మ పోయారన్న కబురు వినగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అమ్మయ్య". తప్పుగా అనుకోకండి. ఏడాదిగా ఆయాసంతో ఆవిడ పడిన అవస్థ కళ్లారా చూసినదాన్ని. ఊపిరాడక పెనుగులాడుతూ పోతానేమోనని ఆవిడకు ఒకటే భయం. అలాంటిదేమీ లేకుండా నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, కావలసినంత.

వాకాడు అవతల, సముద్రం పక్కన మా ఊరు. అక్కడి చిన్న బడిలో మా అందరికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. బడి పక్కన చర్చి, చర్చి వెనక ఆవిడ ఇల్లు. నేను హైస్కూలుకు వెళ్లాక కూడా సాయంత్రాలు ఆ ఇంటి అరుగు మీదే గడిచేవి. ఆవిడ ముందు వసపిట్టలా వాగే నాకు, నలుగురు కొత్తవాళ్లు కనబడితే చాలు, నాలుక పిడచకట్టుకుపోయేది.

ఎస్సెల్సీ చదివే ఏడాది, టీచర్ ట్రైనింగుకు పోతానని ఇంట్లో మొండికేశాను.

"నలుగుర్ని చూస్తే నోరు పెగలదు, పిల్లకాయలకు నువ్వేం పాఠం చెప్తావే?" అన్నాడు మా నాయన. "మీ స్కూలు వార్షికోత్సవంలో డిబేటు ఉండాదంట గదా. దాంట్లో మాట్లాడి చూపించు, పంపిస్తా. లేదా, ఇంటిపట్టున ఉండు."

ఊరికి ముందు కావలసింది రోడ్డా, ఆసుపత్రా? అదీ విషయం. నాకు రోడ్డు పక్షం వచ్చింది. పుస్తకాలు తిరగేసి, బరువైన మాటలన్నీ ఏరి, బట్టీపట్టి టీచరమ్మ అరుగెక్కాను. ఆవిడ బియ్యం చెరుగుతున్నారు.

"రహదారులే జాతి ప్రగతికి జీవనాడులు" అని మొదలుపెట్టాను. చేట ఆడుతూనే ఉంది. గొంతు పెంచాను. చేట చప్పుడూ పెరిగింది.

"టీచరమ్మా, వింటా ఉండారా?"

"వినాలనే ఉండాదమ్మా. నీ మాటకి నా చేతులు ఆగడంలా. నేనుగా ఆపను, నువ్వే ఆపాల. ఆ జాతి సంగతి తర్వాత. నీకు రోడ్డెందుకో అది చెప్పు."

నాకు ఉక్రోషం వచ్చింది. "మా అమ్మకు నొప్పులొచ్చిన రోజు బండి ఇసకలో దిగబడిందే, అందుకు! వాకాట్లో ఆస్పత్రి ఉండాది, డాక్టరమ్మ ఉండాది. మేమే పోలేకపోయినాం. తమ్ముడు ఆ బండిలోనే పుట్టి, ఆ బండిలోనే పోయినాడు!"

చేట ఆగిపోయింది. ఆవిడ పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇది చెప్పు" అన్నారు. "జనానికంతా చెప్పబాక. ఒక్క మనిషిని చూసుకుని చెప్పు. మిగతావోళ్లు వాళ్లంతట వాళ్లే వింటారు."

"కాళ్లు వణుకుతాయి టీచరమ్మా."

"వణకనీ. అవేమన్నా మాట్లాడాల్నా?"

ఆ వారమంతా అదే పని. వాళ్లింటి బియ్యం అయిపోతే ఇరుగుపొరుగు బియ్యం తెప్పించుకుని మరీ చెరిగారు. నా మాటలో ఎక్కడ డాబు దూరినా చేట మళ్లీ ఆడేది. అబ్బ, ఎంత కోపం వచ్చేదో!

పోటీ రోజు రానే వచ్చింది. మైకు ముందు నిలబడ్డాను. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. హాలు చివర గోడకానుకుని మా నాయన, చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. నా ట్రైనింగు ఇక గోవిందా అనుకున్నాను.

ముందు వరసలో కూర్చున్న టీచరమ్మ మెల్లిగా రెండు చేతులూ పైకెత్తి, లేని చేటతో ఉత్త గాలిని చెరగడం మొదలుపెట్టారు. పక్కనున్న హెడ్మాస్టరు గారి భార్య బిత్తరపోయి చూసింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే నోరూ పెగిలింది. ఆ చేతులకే చెప్పుకుపోయాను, బండి సంగతి, ఇసక సంగతి, తమ్ముడి సంగతి. అవి నెమ్మదించి, ఆగి, ఆవిడ ఒళ్లోకి వాలాయి. అప్పుడు తలెత్తి చూస్తే హాల్లో చిన్న దగ్గు కూడా వినబడలేదు.

మొదటి బహుమతి ఆసుపత్రి పక్షం అబ్బాయికి పోయింది. పోతే పోనీ. తిరుగుదారిలో ఆ ఇసక దగ్గర మా నాయన బండి దిగాడు. చక్రానికి భుజం ఆనించి నెడుతూ, నా వంక చూడకుండానే, "ట్రైనింగుకు పోవాలంటే ట్రంకుపెట్టె కావాల గదా" అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

మొన్న చర్చిలో టీచరమ్మ జ్ఞాపకార్థ కూడికలో నన్ను మాట్లాడమన్నారు. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, అయినా కాళ్లు వణికాయి. చర్చి వెనక, భోజనాల కోసం ఆడవాళ్లు బియ్యం చెరుగుతున్నారు. "ఆదర్శ ఉపాధ్యాయురాలు, త్యాగమూర్తి" అంటూ ఎత్తుకున్నాను. కిటికీలోంచి చేటల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నాకు నేనే నవ్వుకుని ఆ మాటలన్నీ వదిలేశాను. ముందు కూర్చున్న ఒక ముసలమ్మను చూసుకుని, "అవ్వా, ఒకసారి మా టీచరమ్మ చేట లేకుండానే చెరిగింది" అని మొదలుపెట్టాను.

గోడవతల చేటలు ఒక్కొక్కటే ఆగాయి. ఒకావిడ లేచి వచ్చి, తవుడంటిన చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, వింటూ నిలబడిపోయింది.