నిశ్శబ్దమైన వీధిలో పెద్ద గొంతులు

నా చిన్నప్పుడు, యానాంలో ఇంకా ఫ్రెంచివారి పాలన సాగుతున్న రోజుల్లో, మా కుటుంబం బజారు వీధిలో అద్దె ఇంట ఉండేది. మా నాన్నగారు సరిహద్దు అవతలి పల్లె నుంచి వచ్చి ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా కుదిరారు. మా అమ్మకు పార్శ్వపు నొప్పి. అది వచ్చిన రోజున నుదుటికి తడిగుడ్డ కట్టుకొని, తలుపులు మూసిన గదిలో పడుకొనేది. వీధిలో బండి చక్రం కిర్రుమన్నా ఆమె ముఖం ముడుచుకుపోయేది. నిశ్శబ్దమైన చోట ఉంచితే తప్ప ఈ నొప్పి తగ్గుముఖం పట్టదని వైద్యుడు చెప్పిన మీదట, సొంత ఇల్లు కొనాలని నాన్నగారు నిశ్చయించుకొన్నారు.

ఆయన ఏ పనినైనా ఒక పద్ధతి ప్రకారం చేసేవారు. నాకున్న క్రమశిక్షణ ఆయన పెట్టినదే. ఊరి శివారున అడవిపొలం వైపు ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉందని తెలిసి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి వెళ్ళి, ప్రతిసారీ గంటసేపు ఆ అరుగు మీద కూర్చొని వచ్చారు. మూడు పూటలా కొబ్బరాకుల గలగల తప్ప మరేదీ వినిపించలేదట. శుక్రవారం బయానా ఇస్తానని మాట కూడా ఇచ్చేశారు.

గురువారం మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, ఆ ఇల్లు తానూ చూస్తానని నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది. ఆమెకు చదువు రాదు. దూలాలూ నుయ్యీ పరీక్షిస్తుందనుకొన్నాను. ఆమె ఆ గుమ్మం ఎక్కనే లేదు. నేరుగా ఎదురింటి అరుగు దగ్గరికి వెళ్ళి, కాసిని మంచినీళ్ళు ఇమ్మని అడిగింది.

ఆ ఇల్లాలు చెంబు అందించి, మూరెడు దూరంలో నిలబడి, ఏటి అవతలి గట్టున ఉన్నవారిని పిలిచినట్టు, "కూర్చోండి పిన్నిగారూ! మజ్జిగ తెమ్మంటారా?" అంది. నేను ఉలిక్కిపడ్డాను.

"నాకు చెవుడని నీకెవరు చెప్పారే అమ్మాయ్?" అంది మామ్మ.

ఆమె పకపకా నవ్వింది. "ఆయ్, మా గొంతులింతేనండి. ఈ వరసలో అందరం ఇంతేనండి."

"పుట్టింట్లోనూ ఇంతేనా?"

"అబ్బే, లేదండి. కాపురానికొచ్చిన కొత్తలో నా మాట ఎవరికీ వినపడేదే కాదండి. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా అని మా అత్తగారు ఒకటే సాధింపండి."

"మరి ఆ బెల్లం ముక్క ఎవరు తీశారే?"

ఆమె ఏదో చెప్పబోయి, అమ్మకానికి ఉన్న ఇంటివైపు చూసి ఆగిపోయింది. "ఆ ఇంటాయన మాకు చుట్టమండి" అంది. ఆ పూట ఆమె మెల్లగా అన్న మాట అదొక్కటే.

మామ్మ మరి రెట్టించలేదు. చెంబు తిరిగి ఇచ్చి, ఆ ఇంటి వెనుక సందులోకి నడిచింది. పెరటి గోడను ఆనుకొని పొడవాటి తాటాకు పాక, దానికి తాళం. తడిక సందులోంచి లోపల ఏముందో చూసి చెప్పమంది. ఇనుప దిమ్మెలు, సుత్తులు, సగం సాగగొట్టిన ఇత్తడి బిందెలు. అది కంచరివారి పనిపాక. దారిన పోయే ఒకాయనను అడిగితే, ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళారనీ, సోమవారం మళ్ళీ పనిలోకి దిగుతారనీ చెప్పాడు.

సోమవారం దాకా ఆగమని మామ్మ చెబితే నాన్నగారు ఒప్పుకోలేదు. అంత మందం గోడల్లోంచి రెండు సుత్తుల చప్పుడు ఏపాటి వినిపిస్తుందన్నారు. ఆగితే ఇల్లు మరొకరి చేతికి పోతుందన్నారు.

"మూడు పూటలా కూర్చుని విన్నానమ్మా నేను."

"వీధిని విన్నావురా. అక్కడి మనుషుల్ని వినలేదు" అంది మామ్మ.

గదిలోంచి అమ్మ నీరసంగా, "ఆగుదామండీ" అంది. నాన్నగారి నిర్ణయానికి ఆమె అడ్డు చెప్పగా నేను విన్నది అదే మొదటిసారి. ఆయన ఆగారు.

సోమవారం నాన్నగారూ మామ్మా నేనూ వెళ్ళాము. వీధి మొదట్లోనే చప్పుడు ఎదురువచ్చింది. ఒకరి తరువాత ఒకరు కాదు, నలుగురైదుగురు ఒక్కసారిగా కొడుతున్నారు. అరుగు మీద నిలబడి నాన్నగారు ఏదో అన్నారు; పక్కనే ఉన్న నాకు ఒక్క ముక్క వినిపించలేదు. ఎన్నడూ గొంతు పెంచి ఎరుగని ఆ మనిషి అప్పుడు అరిచారు, "పదండి, పోదాం!" అని. అరిచిన తరువాత తన గొంతు తనకే కొత్తగా తోచి మామ్మ వైపు చూశారు. మామ్మ నవ్వలేదు. కొడుకు ఓటమిని చూసి నవ్వే స్వభావం కాదు ఆమెది. ఇంటికి వచ్చాక అందరి ఎదుటా ఆయనే అన్నారు, ఇకమీద ఇల్లు చూడడం మామ్మ పని అని.

రెండు నెలల తరువాత మామ్మ ఎంచిన ఇంట్లో దిగాము. ఆ సందులో ఆడవాళ్ళు గోడకు ఈవల ఒకరు, ఆవల ఒకరు నిలబడి మామూలు గొంతుతో కబుర్లు చెప్పుకొనేవారు. అమ్మ నొప్పి పూర్తిగా పోలేదు. కాని వచ్చిన రోజున నిద్ర పట్టేది.

క్రమం తప్పితే సహించలేని స్వభావం నాది. నా ఎదుట ఎవరైనా గొంతు పెంచితే మందలింపు నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు మామ్మను తలచుకొని ఒక్క క్షణం ఆగుతాను. ఈ మనిషి రోజూ ఎంత రొదను దాటి మాట్లాడవలసి వస్తున్నదో అని ఆలోచిస్తాను. ఆ తరువాత మందలించిన సందర్భాలూ ఉన్నాయి. తక్కువ.